మందాయన ఇంట్లో శంఖుపీతలు

నీళ్ళ ట్యాంకు కింద, మెట్లకి ఎడమపక్కన, పచ్చరంగు తలుపున్న చిన్న గది ఒకటుంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా అతను ఆ గదిలో నిలబడి ఊరి నీళ్ళలో క్లోరిన్ కలుపుతున్నాడు. అక్కడ దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు, మందు అంటారు. అందుకని అతను మందాయన. జీవితంలో ఒక్క చుక్క తాగి ఎరగని మనిషికి ఇదేం పేరని కొత్తగా చేరినవాళ్ళు నవ్వితే, "పొద్దున్నే ఊరందరి చేతా తాగించేది ఈయనే గదా" అని పాతవాళ్ళు ఇంకా గట్టిగా నవ్వుతారు. వాళ్ళతో పాటు అతనూ నవ్వుతాడు.

తెల్లవారుతుండగా పంపులు మొదలవుతాయి. నేల అడుగున ఏదో పెద్ద జంతువు నిద్రలో ఒత్తిగిలినట్టు గది గోడలు సన్నగా వణుకుతాయి. అతను మీట తిప్పి, గాజుగొట్టంలో తేలే చిన్న బంతిని చూస్తాడు. బంతి గీత దగ్గర నిలబడితే మందు సరిగా వెళుతున్నట్టు. తర్వాత సైకిలెక్కి, గొట్టాలు ఆఖరయ్యే వీధులకి వెళ్ళి, ఎవరో ఒకరి కుళాయి కింద గాజు సీసా పట్టి, అందులో రెండు చుక్కల పరీక్ష రసం వేస్తాడు. నీళ్ళు లేత పసుపురంగుకి తిరగాలి. ఆర్పడం మరిచిపోయిన వీధి దీపం పగటివేళ ఎలా ఉంటుందో అలాంటి పసుపు. అది కనిపిస్తే ఆ వీధిలో పిల్లలకి ఆ రోజుకి భయం లేదు. కనిపించకపోతే, ఎదురుగాలి అయినా సరే వెనక్కి తొక్కుకుంటూ వచ్చి మీట ఇంకాస్త తిప్పుతాడు.

ఇన్నేళ్ళలో ఆ గది అతని దగ్గర తీసుకున్నది ముక్కు. మొదట్లో మందుకి గ్యాసు సిలిండర్లు లేవు. డ్రమ్ముల్లో తెల్లపొడి పోసి కర్రతో కలిపేవాళ్ళు. ముఖానికి తడిగుడ్డ కట్టుకున్నా కళ్ళు మండేవి, గొంతు గరగరలాడేది. వాసన ఏ రోజున పోయిందో అతనికి తెలియదు, అది చెప్పి పోలేదు. ఒక ఆదివారం స్టవ్వు పక్కనే కూర్చుని పేపరు చదువుతుంటే పాలు పొంగి, మాడి, గిన్నె నల్లబడింది. పెరట్లోంచి భార్య పరుగెత్తుకొచ్చింది.

"ముక్కు ముఖానే ఉందా, తీసి గూట్లో పెట్టారా?"

డాక్టరు లైటు వేసి లోపలికి చూసి, ఇక రాదన్నాడు. అప్పటినించీ ఇంట్లో వాసనలన్నీ అతనికి ఎవరో ఒకరు చెప్పాల్సినవే. ఎక్కువగా చెప్పేది కూతురు. పెళ్ళైన పన్నెండేళ్ళకి పుట్టిన పిల్ల. మాట మొదలుపెడితే బావి గిలకలాగా ఆగదని దానికి గిలక అనే పేరు స్థిరపడిపోయింది. ఇప్పుడు పదకొండేళ్ళు. "నాన్నా, వాన వాసనొస్తోంది, ఇంకా పడలేదు, దూరంగా ఎక్కడో పడుతోంది" అంటుంది. అతను కిటికీలోంచి చూసి, నిజమే అన్నట్టు తలాడిస్తాడు.

సెలవుల్లో తల్లీకూతుళ్ళు పిన్ని కుటుంబంతో కలిసి సముద్రం చూడ్డానికి వెళ్ళారు. నీళ్ళకి సెలవుండదు గనక అతను వెళ్ళలేదు. తిరిగొచ్చేటప్పుడు గిలక చేతిలో తీగలతో అల్లిన చిన్న పెట్టె ఉంది. పెట్టె అడుగున రంగురాళ్ళు. వాటి మీద మూడు శంఖాలు, ఒకటి ఎర్రటిది, ఒకటి నీలం మీద చుక్కలు, ఒకటి నవ్వుతున్న ముఖం బొమ్మ వేసినది. అతను చూస్తుండగానే నవ్వుముఖం రెండడుగులు పక్కకి నడిచింది.

"ఏమిటే ఇవి?"

"శంఖుపీతలు నాన్నా. సన్యాసి పీతలని కూడా అంటారట."

"కొంప నెత్తినేసుకుని తిరిగేది సన్యాసెలా అవుతుందే? అది నాలాంటి సంసారి" అంది భార్య చెప్పులు విప్పుతూ.

"ఏం తింటాయి?"

"ఈ ప్యాకెట్టు. స్పాంజీ తడిపి పెడితే నీళ్ళు అవే పీల్చుకుంటాయన్నాడు కొట్టాయన."

"నీళ్ళ సంగతి నాకొదిలెయ్" అన్నాడు అతను.

ఆ మాటలో కొంచెం గర్వం ఉంది. తన పని తన ఇంట్లో చూపించే అవకాశం అతనికి ఎప్పుడోగాని దొరకదు. మర్నాటి నించి పొద్దున్నే మందు వదిలి, సైకిలెక్కి వీధులకి వెళ్ళేముందు ఇంటికొచ్చి, కుళాయి విప్పి, ఆ వేళకి అప్పుడే ట్యాంకు దిగి వచ్చిన తాజా నీళ్ళతో స్పాంజీ కడిగి, తడిపి, పెట్టెలో పెట్టేవాడు. అన్నిటికన్నా చిన్నది ఎర్ర శంఖంలోది, దాని పేరు బుడ్డోడు. నీలంది చుక్కల రాణి. నవ్వుముఖం కింద ఉన్నది వయసులో పెద్దదనీ, అందుకే నెమ్మదిగా కదులుతుందనీ గిలక తేల్చింది. దాన్ని పెద్దాయన అనేవాళ్ళు. మీరు అని గౌరవించేవాళ్ళు కూడా. "పెద్దాయన లేచారా?" "ఇంకా లేవలేదు, కాళ్ళు లోపల పెట్టుకుని పడుకున్నారు."

తొమ్మిదో రోజు భార్య గదిలోకి వచ్చి ఆగిపోయింది. "ఏదో కుళ్ళిన చేప కంపు." అతనికేం తెలియలేదు. బుడ్డోడు శంఖంలోంచి సగం బయటికి జారి, తడి దారప్పోగులాగా వేలాడుతున్నాడు. మరో వారానికి చుక్కల రాణి. ఆ రోజు గిలక ఏడవలేదు. పెట్టె ఎత్తుకుని, స్కూలు దారిలో ఉన్న అక్వేరియం షాపుకి పోదాం పద అని తండ్రి చెయ్యి పట్టి లాగింది.

ఆ షాపు నడిపే ఆవిడని అందరూ చేపలామె అంటారు. గోడ పొడుగునా తొట్లు, వాటిలోంచి నీలి వెలుగు, ఆవిడ ముఖం మీద ఎప్పుడూ నీళ్ళు కదులుతున్నట్టుంటుంది. గిలక చేతిలోని తీగల పెట్టె చూడగానే నుదురు కొట్టుకుంది.

"ఇది పీతలుండే ఇల్లా తల్లీ, బట్టలారేసే దండెమా? వాటికి చేపల్లాగా మొప్పలుంటాయి. గాలిలో తడి ఉంటేనే ఊపిరాడుతుంది. ఇలా నాలుగుపక్కలా గాలి కొట్టే పెట్టెలో పెడితే రోజుకింత చొప్పున ఎండి చస్తాయి. ఈ శంఖాలకి ఈ రంగులెవడేశాడు? పెచ్చులు రాలి లోపలికి పోతాయి. నీళ్ళేం పోశారు?"

అంతసేపూ వెనక నిలబడ్డ అతను ముందుకొచ్చాడు. "కుళాయి నీళ్ళండీ. పరీక్ష చేసినవే."

"ఇంకేం, సరిపోయింది! వాడెవడో గాని నీళ్ళలో ఆ మందు చెయ్యి జారినట్టు పోస్తాడు. మనకైతే ఏం కాదు, వీటికి మొప్పలు కాలిపోతాయి. నా చేపలే ఎన్ని పోయాయో. వాడు గనక ఒక్కసారి నా కంట పడితే ఈ తొట్టిలో ఒక పూట కూర్చోబెడతాను."

గిలక తండ్రి ముఖంలోకి చూసింది. అతను ఎదురుగా ఉన్న బంగారు చేపని చూస్తున్నాడు. అది నోరు తెరుస్తోంది, మూస్తోంది.

"ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు గిలక పెట్టెని గుండెలకి పట్టుకుని నడిచింది. వీధి మలుపు తిరిగాక అడిగింది.

"ఆ మందు పోసేది నువ్వేనని ఎందుకు చెప్పలేదు?"

"చెబితే తొట్టిలో కూర్చోబెట్టేది గదా."

అది నవ్వలేదు. "నాన్నా, బుడ్డోణ్ణి, రాణినీ మన నీళ్ళే చంపాయా?"

నీ నీళ్ళు అని ఉండొచ్చు, అనలేదు. ఆ దయ అతన్ని ఎక్కడో కోసింది. "పెద్దాయన ఉన్నాడుగా. ఆయన్ని నేను బతికిస్తాను చూడు" అన్నాడు. అన్న వెంటనే, ఇవ్వడానికి తన దగ్గర లేనిదేదో ఇచ్చేశానని అనిపించింది.

ఆ ఆదివారం ఇల్లు కట్టడం మొదలైంది. చేపలామె పాత గాజు తొట్టి ఒకటి ఇచ్చింది, ఒక మూల చీలిక ఉంది గనక నీళ్ళకి పనికిరాదు, ఇసుకకి పనికొస్తుంది. అతను చీలికకి జిగురు పూసి, పైన బిగుతుగా కూర్చునే గాజు మూత చేయించాడు. సన్న ఇసుక తెచ్చి, మేడ మీద ఆరబెట్టి, జల్లించి, కొబ్బరిపీచు పొట్టు కలిపాడు. పిడికిట పట్టి వదిలితే ముద్ద ముద్దగా నిలవాలి, నీళ్ళు కారకూడదు. ఎంత లోతు పొయ్యాలి? పెద్దాయన ఎత్తుకి మూడింతలు ఉండాలని చేపలామె చెప్పింది. గిలక స్కేలు పెట్టి కొలిచింది, పెద్దాయన కొలతలియ్యడానికి ఒప్పుకోక లోపలికి ముడుచుకుపోయాడు. చివరికి జానెడు లోతు పోశారు. ఎక్కడానికి చెట్టు బెరడు, ఎండు కొమ్మ. దాక్కోవడానికి బోర్లించిన మట్టి మూకుడు ముక్క. గాలిలో తడి ఎంతుందో చూపించే చిన్న ముల్లు గడియారం గాజుకి అతికించారు. ముల్లు ఎనభై దగ్గర ఉండాలి.

రెండు మూకుళ్ళు పెట్టారు, ఒకదాంట్లో మంచినీళ్ళు, ఒకదాంట్లో ఉప్పునీళ్ళు. వంటింటి ఉప్పు కలపడానికి భార్య డబ్బా తెచ్చింది. "అది కాదే, సముద్రపుదే కావాలట" అని అతను చేపలామె ఇచ్చిన ప్యాకెట్టు విప్పాడు. "అబ్బో, పెద్దాయనకి పుట్టింటి ఉప్పు కావాలా? నాకు ఇన్నేళ్ళలో పుట్టింటినించి ఓ గరిటె తెప్పించారా మీరు?" అంది ఆవిడ. అంటూనే చిన్నగిన్నె వెతికి తెచ్చింది.

నీళ్ళ దగ్గర మాత్రం అతను ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు. బకెట్టు నిండా కుళాయి నీళ్ళు పట్టి మేడ మీద ఎండలో పెట్టాడు. మర్నాడు పని నించి వస్తూ పరీక్ష సీసా వెంట తెచ్చాడు. బకెట్టులోంచి కాసిని నీళ్ళు పట్టి రెండు చుక్కల రసం వేశాడు. పసుపు. ఆ రోజంతా వదిలేసి మూడోరోజు మళ్ళీ వేశాడు. చుక్కలు నీళ్ళలో దారంలా దిగి, విడిపోయి, కరిగిపోయాయి. ఏ రంగూ రాలేదు. వీధుల్లో అలా రంగు రాని నీళ్ళు చూసి ఎన్నిసార్లు వణికాడో, ఇప్పుడు తన మేడ మీద అవే నీళ్ళు సీసా ఎత్తి ఆకాశానికి పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. సీసాలోంచి మేఘం ఒకటి వెళ్ళిపోయింది.

"రంగొచ్చిందా నాన్నా?" కింద మెట్ల మీంచి గిలక.

"రాలేదు" అన్నాడు.

రంగులెయ్యని శంఖాలు అయిదు తెచ్చి, ఉడికించి, చల్లార్చి ఇసుక మీద వరసగా పెట్టారు. పది రోజులు పెద్దాయన వాటి వంక చూడలేదు. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక గిలక కేకేసింది. ముగ్గురూ గాజు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. పెద్దాయన ఒక మట్టిరంగు శంఖాన్ని కాళ్ళతో పట్టుకుని తిప్పుతున్నాడు. కొండి లోపలికి పెట్టి తడుముతున్నాడు, అద్దె ఇంట్లో గోడలు తట్టి చూసే మనిషిలా. చాలాసేపు కదలకుండా ఆగాడు. ఆపైన ఒక్క క్షణం, ఆ నవ్వుముఖంలోంచి మొత్తం బయటికి వచ్చేశాడు. వెనక భాగం ఉంది చూశారూ, మెత్తగా, లేత గులాబీరంగులో, మెలితిరిగి, చర్మమే లేనట్టుంది. కొత్త శంఖంలోకి దూరిపోయాడు. రంగువేసిన ముఖం ఇసుకలో పక్కకి పడి నవ్వుతూ ఉండిపోయింది.

"ఇల్లు మారాడు నాన్నా!"

"పెళ్ళైన దగ్గర్నించీ నీళ్ళట్యాంకు క్వార్టర్సే నాకు. ఇదింకా నయం, నచ్చకపోతే మారుతోంది" అంది భార్య. ఆవిడ కళ్ళు కూడా గాజు మీదే ఉన్నాయి.

అంత మెత్తటి ప్రాణి తన ఇంట్లో ఉందనీ, తను మాట ఇచ్చింది దానికోసమేననీ అతనికి అప్పుడే పూర్తిగా తెలిసింది.

నెల తిరిగింది. పెద్దాయన మంచినీళ్ళ మూకుడులో ఎక్కువసేపు కూర్చోవడం మొదలెట్టాడు. తిండి తగ్గింది, కొమ్మ ఎక్కడం మానేశాడు. ఒక సాయంత్రం మూలన ఇసుక తవ్వుకుంటూ కిందికి దిగడం మొదలెట్టి, చూస్తుండగానే శంఖం కొసతో సహా కనపడకుండా పోయాడు. గిలక చేపలామెకి ఫోను చేసింది. ఆవిడ గొంతు ఫోనులోంచి గది అంతా వినిపించింది.

"మంచిదే. చర్మం వదిలి కొత్తది కట్టుకోడానికి వెళ్ళాడు. కింద చిన్న గుహ చేసుకుంటాడు, పాత తోలు వాడే తింటాడు. నెల పట్టొచ్చు, రెండు నెలలు పట్టొచ్చు. ముట్టుకోకండి. తవ్వకండి. తొట్టి కదపకండి. ఆ సమయంలో వాడు పెరుగంత మెత్తగా ఉంటాడు, వేలు తగిలినా పోతాడు."

"బతికున్నాడో లేదో ఎలా తెలుస్తుంది ఆంటీ?"

"తెలీదు. పోతే మాత్రం వాసనొస్తుంది. కుళ్ళిన చేప వాసన. అది రానంతకాలం బతికున్నట్టే లెక్క."

ఫోను పెట్టేశాక గిలక తండ్రి వైపు చూసింది, వెంటనే చూపు తిప్పుకుంది.

అప్పటినించి అతనికి చెయ్యడానికి పని లేకుండా పోయింది. ముల్లు ఎనభై దగ్గర ఉందో లేదో చూడ్డం, గాజు లోపలివైపు నీళ్ళు చల్లడం, మూకుళ్ళలో నీళ్ళు మార్చడం, ఒకవేళ పైకి వస్తే ఆకలేస్తుందని ఎండురొయ్య ముక్క పెట్టి ఉంచడం. ఇసుక మాత్రం ఇసుకలాగానే ఉండేది. పని నించి రాగానే బూట్లు విప్పకుండా అడిగేవాడు.

"వాసన?"

గిలక మూత పక్కకి జరిపి, వంగి, కళ్ళు మూసుకుని పీల్చేది. "లేదు నాన్నా. తడి మన్ను వాసన. కొంచెం కొబ్బరి."

అది వెళ్ళాక అతను కూడా వంగి పీల్చేవాడు. వెచ్చటి తేమ ముఖానికి తగిలేది. అంతకు మించి ఏమీ ఉండేది కాదు. ముక్కులో తలుపేసిన గది ఒకటుంది, దాని ముందు ప్రపంచం ఎంతసేపు నిలబడ్డా ఎవరూ తియ్యరు.

నెల దాటి నాలుగు రోజులైంది. ఆ పొద్దున గిలక స్కూలుకి వెళ్ళే తొందరలో ఉంది. భార్య గది ఊడుస్తూ చీపురు ఆపింది.

"ఇదిగో, వాసనొస్తోంది."

"లేదమ్మా! నేనిప్పుడే చూశాను" అంది గిలక.

"నీకు జలుబే. నిన్నంతా తుమ్ముతూనే ఉన్నావు. చేప కంపు, ఆ రెండూ పోయినప్పుడొచ్చిందే."

"ఏ మూల నించి?" అన్నాడు అతను.

"మూల నించేమిటి, తొట్టిలోంచి."

"అమ్మా, జలుబు తగ్గిపోయింది. నాకు తెలుస్తుంది. నాన్నా, తవ్వొద్దు. నాకు ప్రమాణం చెయ్యి."

"స్కూలుకి లేటవుతోంది, పదమ్మా" అన్నాడు. ప్రమాణం చెయ్యలేదు. గిలక గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూసి వెళ్ళిపోయింది.

అతను తొట్టి మీద వంగాడు. ఒక ముక్కు ఉందంటోంది, ఒక ముక్కు లేదంటోంది, తన ముక్కు తీర్పు చెప్పలేదు. మళ్ళీ పనికి వెళ్ళాడు. మీట తిప్పాడు, బంతి గీత దగ్గర నిలబడింది. కలిసి పనిచేసే వాల్వు బావ, గొట్టాలు కట్టేసి తెరిచే మనిషి, పార భుజానేసుకుని వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు.

"ఏంటి బావా, మొహం పంపు చెడినట్టుంది?"

చెప్పాడు. వాల్వు బావ పెద్దగా నవ్వి, అతని ముఖం చూసి నవ్వు ఆపాడు.

"మనకి తెలిసింది ఒకటే గదా బావా. పైన తడి కనపడితే కింద తవ్వాల్సిందే. తవ్వకుండా కూర్చుంటే రోడ్డు కుంగుతుంది. ఉంటే ఉందని తెలుస్తుంది, పోతే పోయిందని తెలుస్తుంది. ఈ డోలాయమానం ఎందుకు? మెల్లిగా తవ్వు. నీకంటే మెల్లిగా తవ్వేవాడెవడు?"

అది నిజమే. ఉద్యోగంలో చేరిన మొదటి ఏళ్ళలో మందు పనయ్యాక అతను లీకులు కూడా తవ్వేవాడు. గొట్టం దగ్గర పడుతోందని పార చప్పుడుని బట్టి చెప్పేవాడు. పార పక్కన పెట్టి చివరి బెత్తెడు వేళ్ళతో తీసేవాడు, ఏ గొట్టానికీ దెబ్బ తగలనిచ్చేవాడు కాదు. ఆ జ్ఞాపకం ఆ వేళ చేతుల్లోకి వచ్చి కూర్చుంది.

మధ్యాహ్నం ఇంటికి రాగానే, గిలక రాకముందే, మూత తీశాడు. చెంచా తీసుకున్నాడు. పెద్దాయన ఏ మూల దిగాడో తెలుసు గనక దానికి ఎదురు మూల నించి మొదలెట్టాడు. పొర తర్వాత పొర ఇసుక తీసి పళ్ళెంలో పోశాడు. భార్య పక్కనే నిలబడి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నాలుగో పొరలో నల్లటి మెత్తటి ముద్ద ఒకటి వచ్చింది. అతను దాన్ని వెలుతురులోకి ఎత్తాడు. ఎండురొయ్య ముక్క. పెద్దాయన కిందికి వెళ్ళే ముందు ఎప్పుడో పాతిపెట్టుకున్నది. తడికి కుళ్ళి బూజు పట్టింది.

"ఇదే. ఇదేనండీ, ఈ వాసనే" అంది భార్య. "ఆపండి. ఇక ఆపండి."

అతను చెంచా ఆపాడు. కాని ఇసుక ఆగలేదు. ఒకపక్క ఖాళీ అయినందుకు రెండోపక్క సన్నగా చీలి, చీలిక పొడుగునా జారి, పెద్దాయన దిగిన మూలలో ఒక చిన్న పల్లం కుంగింది. కింద గుహ కూలిందన్నమాట. ఇరవై తొమ్మిదేళ్ళలో ఎన్ని గోతుల అంచులు అలా జారడం చూశాడో! పళ్ళెం కింద పెట్టి, వేళ్ళతో, చివరి బెత్తెడు తీసినట్టు, ఆ పల్లంలో ఇసుక పక్కకి తోశాడు.

పెద్దాయన అక్కడే ఉన్నాడు. పాలరంగులో ఉన్నాడు. పాత కాళ్ళు, ఖాళీవి, ఎర్రగా, పక్కన పడి ఉన్నాయి. కొత్త కాళ్ళ మీద ఇసుక రేణువులు అంటుకుపోయి ఉన్నాయి, తడి బొమ్మ మీద అంటుకున్నట్టు. ఒక కాలు, కొసన మాత్రం, చాలా నెమ్మదిగా ముడుచుకుంది.

"బతికే ఉన్నాడు" అన్నాడు.

అతను మట్టి మూకుడు ముక్క తీసి పెద్దాయన మీద చూరులా నిలబెట్టి, దాని మీదుగా ఇసుక కప్పాడు. గొట్టమైతే బిగించొచ్చు, పట్టీ వెయ్యొచ్చు, నీళ్ళు కట్టెయ్యొచ్చు. ఇక్కడ చెయ్యడానికి మిగిలింది చేతులు వెనక్కి తీసుకోవడమే.

గిలక వచ్చాక అతనే చెప్పాడు. దాచలేదు. రొయ్య ముక్క సంగతీ, జారిన ఇసుకా, ముడుచుకున్న కాలూ, అన్నీ. అది సంచీ దింపకుండా విన్నది. భార్యే అంది, "తప్పు నాదే తల్లీ. నేనన్నందుకే."

"నువ్వు వాసనొస్తోందన్నావు. అది నిజమేగా" అంది గిలక. సంచీ దింపి లోపలికి వెళ్ళిపోయింది.

చేపలామెకి అతనే ఫోను చేశాడు. ఆవిడ అరుస్తుందనుకున్నాడు, అరవలేదు. "ఏ రంగులో ఉన్నాడు? తెల్లగానా? ఇసుక అంటుకుందా?" అని అడిగి, "ఇంక మన చేతుల్లో లేదండీ. అలా వదిలెయ్యండి" అంది. ఆ మందు పోసేది నేనేనండీ అని ఆవిడకి చెప్పాడు అతను, ఎందుకు చెప్పాడో తనకే తెలియదు. అటువైపు నీళ్ళ బుడగల చప్పుడు వినిపించింది. "అవునా" అంది ఆవిడ. "మీ పని మీరు చేస్తున్నారు. ఊళ్ళో ఇంతమంది ఉన్నాం కదా" అంది.

మర్నాడు పని నించి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అడగడానికి తనకి హక్కు ఉందో లేదో అనుకుంటూనే అడిగాడు.

"వాసన?"

గిలక మూత జరిపి వంగింది. "లేదు నాన్నా."

మూడోరోజూ లేదు, నాలుగోరోజూ లేదు. అయిదోరోజు చెప్పడానికి ముందు అది కొంచెం ఆగింది. ఆగి, లేదంది. ఆ రాత్రి అతనికి నిద్ర బాగానే పట్టింది. ఆశ అనేది ఎంత కొంచెం తిండి పెట్టినా బతుకుతుంది.

ఎనిమిదోరోజు వాన. సైకిలు మీద తడుస్తూ వచ్చి, వరండాలో తల తుడుచుకుని, లోపలికి అడుగుపెట్టాడు. కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి. వాన ఏటవాలుగా లోపలికి కొడుతోంది, పరదా తడిసి గోడకి అంటుకుపోయింది, నేల మీద నీళ్ళు. వాన చుక్క పడితే ముందు కిటికీలకి పరుగెత్తే మనిషి అతని భార్య. ఆవిడ వంటింట్లో ఉంది. భోజనానికి ముగ్గురి కంచాలూ ఎప్పుడూ ఈ గదిలోనే పెడతారు, ఇవాళ వంటింటి గట్టు కింద నేల మీద సర్ది ఉన్నాయి. గిలక తొట్టి పక్కనే, రోజూ కూర్చునే చోటే, నేల మీద పుస్తకాలు పరుచుకుని కూర్చుంది. రాసుకుంటోంది. పెదాలు కొంచెం తెరిచి ఉన్నాయి. నోటితో ఊపిరి తీసుకుంటోంది.

అతను దాని ముఖం వంక చాలాసేపు చూశాడు. జలుబు లేదు. కళ్ళ కింద మాత్రం ఎర్రగా ఉంది.

"వాసన?" అన్నాడు.

గిలక లేచి, మూత జరిపి, రోజూలాగే వంగింది. కళ్ళు మూసుకుంది. దాని భుజాలు ఒక్కసారి బిగిసి, వదులయ్యాయి. మూత మళ్ళీ జాగ్రత్తగా మూసింది.

"లేదు నాన్నా" అంది. "తడి మన్ను వాసన. కొంచెం కొబ్బరి."

పెద్దాయన పోయాడని అతనికి తెలిసింది. ఎన్ని రోజుల కిందట పోయాడో, అప్పటినించీ తల్లీకూతుళ్ళు ఆ గదిలో ఎలా ఊపిరి తీసుకుంటున్నారో అడగలేకపోయాడు. నాకు తెలుసమ్మా అందామనుకున్నాడు. అంటే దాని చేతిలో ఉన్న ఆ ఒక్క అబద్ధమూ, తండ్రికి ఇవ్వడానికి అది ఏరి తెచ్చుకున్నది, కింద పడిపోతుంది.

"సరే" అన్నాడు. "ఇంకొన్నాళ్ళు చూద్దాం."

"చూద్దాం."

వానజల్లు గిలక నోటుపుస్తకం అంచుదాకా వచ్చింది. అక్షరాలు రెండు ఉబ్బి నీలంగా పాకాయి. అతను కిటికీ దగ్గరికి వెళ్ళి రెక్క మీద చెయ్యి వేశాడు. వేసి అలాగే నిలబడ్డాడు. తర్వాత చెయ్యి తీసేసి, వంగి, పుస్తకాలు ఒక్కొక్కటీ ఎత్తి గదిలో పొడిగా ఉన్న వైపు పెట్టాడు.